బెంగళూరులో మెలకువ, హిందూపురంలో నిద్ర

ప్లేస్‌మెంట్ల సీజను మొదలైందంటే మన హాస్టల్లో ఒక మాట పదే పదే వినపడుతుంది. "బెంగళూరులో జాబ్ వస్తే ఏమప్పా, హిందూపురంలో ఇల్లు తీసుకుంటే సరి. రెండు గంటలే కదా!" ఈ మాట అనేది మనమొక్కరమే కాదు. ఏళ్ల తరబడి బెంగళూరులో అద్దెలు కట్టి అలసిపోయిన మన హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వాళ్లు చాలామంది ఇదే అంటున్నారు. మా అక్కా బావా అయితే అనడం దాటి, వచ్చే వేసవి సెలవుల్లో మారడానికి తయారవుతున్నారు. "ఇంజనీరింగ్ చదువుతున్నావు కదరా, ఎక్సెల్ షీటు నువ్వే చెయ్" అని లెక్కలు రాసే పని అక్క నా నెత్తిన పెట్టింది. ఆ షీటు చేస్తుంటే పుట్టిన అభిప్రాయమే ఈ వ్యాసం.

అభిప్రాయం ముందే చెప్పేస్తా. అద్దె మిగులుతుందని మాత్రమే బెంగళూరు నుంచి హిందూపురం మారేవాళ్లు నష్టపోతారు. ఈ ఊళ్లో మేలుకొని చేసే పని ఏదైనా ఉండి మారేవాళ్లు బాగుపడతారు. మారడానికి తయారీ అంటే ముందు మనం ఈ రెండిట్లో ఏ రకమో తేల్చుకోవడం. అట్టపెట్టెలు, ప్యాకర్స్ అండ్ మూవర్స్ అన్నీ దాని తర్వాతే.

మారాలనుకునేవాళ్ల కారణాలు చిన్నవేం కావు. బెంగళూరులో ఇల్లు కావాలంటే అద్దెకు తోడు నెలల తరబడి అద్దె అడ్వాన్సుగా పోయాలి. 2024 వేసవిలో అక్కడ బోర్లు ఎండిపోయి, ట్యాంకర్ కోసం అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో కొట్లాటలు జరగడం మనమంతా చూశాం. ఇక్కడ పెనుకొండలో మా అమ్మానాన్నలకు వయసు మీద పడుతోంది. అమ్మకు మోకాళ్ల నొప్పులు, నాన్నకు షుగరు. అక్క హిందూపురంలో ఉంటే గంటలోపు ఇంటికి రాగలదు. కాబట్టి "ఎందుకు మారుతున్నావు" అని నేను అక్కను అడగలేదు. "ఏం పెట్టి కొంటున్నావు" అని మాత్రం అడిగాను.

ముందు దూరం సంగతి. హిందూపురం బెంగళూరుకు దగ్గర అనే మాట సగమే నిజం. హిందూపురం యలహంకకు దగ్గర. ఇక్కడ రైలెక్కితే గౌరిబిదనూరు, దొడ్డబళ్లాపుర దాటి యలహంక వస్తుంది. రోడ్డు మీద పోతే లేపాక్షి మీదుగా కొడికొండ చెక్‌పోస్టు దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కి, బాగేపల్లి, చిక్కబళ్లాపుర, దేవనహళ్లి. ఏ దారిన పోయినా మనం చేరేది బెంగళూరుకు ఉత్తరపు కొస. ఆఫీసు హెబ్బాళ్ దగ్గరో, నాగవార దగ్గరో, ఎయిర్‌పోర్టు దగ్గరో ఉంటే సరే. ఎలక్ట్రానిక్ సిటీలోనో వైట్‌ఫీల్డ్‌లోనో ఉంటే హిందూపురం నుంచి యలహంక రావడం ఒక ప్రయాణం, అక్కడి నుంచి ఆఫీసుకు పోవడం ఇంకో ప్రయాణం. ఆఫర్ లెటర్‌లో "బెంగళూరు" అని ఉంటే చాలదు, ఏ బెంగళూరో చూసుకోవాలి.

ఇంకో చిన్న సంగతి. రైల్వే నెలవారీ సీజన్ టికెట్టు 150 కిలోమీటర్ల దూరం దాకానే ఇస్తారు. బెంగళూరు నుంచి సుమారు 100 కిలోమీటర్లున్న హిందూపురం ఆ గీత లోపలే ఉంది. ధర్మవరం గీత బయట. సీజన్ టికెట్టుతో రిజర్వేషన్ బోగీ ఎక్కడం మామూలుగా కుదరదు. అంటే సోమవారం పొద్దున జనరల్ బోగీలో నిలబడి పోయే కాళ్లు కూడా మన తయారీలో భాగమే.

బావ ఆఫీసు నాగవార వైపు. అదృష్టవంతుడనే చెప్పాలి. అయినా లెక్క చూడండి. ఇంటి నుంచి హిందూపురం స్టేషనుకు 20 నిమిషాలు. రైలు కోసం ముందుగా చేరడం 15 నిమిషాలు. యలహంక దాకా, క్రాసింగుల్లో ఆగే టైముతో కలిపి, 2 గంటలు. అక్కడి నుంచి ఆఫీసుకు 45 నిమిషాలు. మొత్తం 3 గంటల 20 నిమిషాలు. రానుపోను 6 గంటల 40 నిమిషాలు. అందరూ అనే "రెండు గంటలే" ఈ లెక్కలో ఒక ముక్క మాత్రమే.

బావ వారానికి మూడు రోజులు ఆఫీసుకు పోతే చాలు. నెలకు 12 రోజులు, అంటే 80 గంటలు. మన భాషలో చెప్పాలంటే, మూడు క్రెడిట్ల సబ్జెక్టుకు సెమిస్టర్ మొత్తం మీద జరిగే క్లాసులు దాదాపు 45 గంటలు. బావ ప్రతి నెలా సుమారు రెండు సబ్జెక్టుల క్లాసులంత కాలం రైల్లో, ఆటోలో, ప్లాట్‌ఫారం మీద గడుపుతాడన్నమాట. హాజరు వేసేవాళ్లు కూడా ఉండరు.

ఇప్పుడు డబ్బు కాలమ్. బెంగళూరులో వాళ్ల అద్దె 26,000, హిందూపురంలో చూసిన ఇంటికి 10,000. మిగులు 16,000. పాప స్కూలు ఫీజులో నెలకు మరో 3,000 తగ్గుతుంది. మొత్తం 19,000. చాలామంది షీటు ఇక్కడే ఆగిపోతుంది. సంతోషంగా టు-లెట్ బోర్డు కింద నంబరుకు ఫోన్ కొడతారు.

నేను ఇంకో రెండు వరసలు రాశాను. సీజన్ టికెట్టు, రెండు వైపులా ఆటోలు, స్టేషన్లో బండి పార్కింగు, దారిలో టిఫిను కలిపి నెలకు 4,000 పోతుంది. రెండో వరస రాస్తుంటే ఇంట్లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అక్క బెంగళూరులో ఒక స్కూల్లో టీచరు. బావ ఉద్యోగం మారకుండా ఉండాలంటే అక్క ఉద్యోగం మారాలి. హిందూపురంలో తనకు ఇస్తామన్న జీతం ఇప్పటిదానికంటే 9,000 తక్కువ. 19,000లో 4,000, 9,000 తీసేస్తే మిగిలేది 6,000. దాన్ని 80 గంటలతో భాగిస్తే గంటకు 75 రూపాయలు. రేపు కంపెనీ ఐదు రోజులూ రమ్మంటే? నెలకు 22 రోజులు, దాదాపు 147 గంటలు. దారి ఖర్చు 6,000కు పెరుగుతుంది, మిగులు 4,000కు పడుతుంది. అప్పుడు గంటకు 27 రూపాయలు. ఒక ప్లేటు ఉగ్గాణి బజ్జీకి కూడా సరిపోతుందో లేదో!

"అయితే మారొద్దంటావా?" అంది అక్క.

"మారొద్దని కాదక్కా. అద్దె కోసం మారుతున్నామని మాత్రం చెప్పుకోవద్దు" అన్నాను.

ఐదు రోజుల లెక్క ఎందుకు వేశానంటే, హైబ్రిడ్ అనేది హక్కు కాదు, కంపెనీ ఇచ్చే సౌకర్యం. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు ల్యాప్‌టాప్ సంచి తగిలించుకొని ఊళ్లకొచ్చినవాళ్లలో చాలామందిని కంపెనీలు మెల్లమెల్లగా వెనక్కి పిలిచాయి. 2023లో టీసీఎస్ వారానికి ఐదు రోజులూ ఆఫీసుకు రమ్మంది. ఒక ఈమెయిలుతో మారిపోయే నియమాన్ని నమ్ముకొని ఇరవయ్యేళ్ల హోమ్ లోను తీసుకోకూడదు. మొదటి ఏడాది అద్దెకే ఉండాలి. ఐదు రోజుల లెక్కలో కూడా బతకగలిగితేనే సొంత ఇల్లు.

ప్రయాణం సంగతి లోకమంతా ఒకటే. ఇటలీ శాస్త్రవేత్త చెసారె మార్కెట్టి 1994లో ఒక వ్యాసం రాశాడు. కాలినడక కాలంలోనైనా కార్ల కాలంలోనైనా మనుషులు రోజు మొత్తం మీద ప్రయాణానికి ఇచ్చే సమయం సగటున గంట దగ్గరే ఉంటుందని ఆయన వాదన. వేగం పెరిగితే ఊళ్లు దూరం జరుగుతాయి, గంట మాత్రం గంటగానే ఉంటుంది. అలోయిస్ స్టుట్జర్, బ్రూనో ఫ్రై అనే ఆర్థికవేత్తలు జర్మనీ కుటుంబాల సర్వేల మీద చేసిన పరిశోధన 2008లో అచ్చయింది. దూరం నుంచి పనికి పోయేవాళ్లకు తక్కువ అద్దె, మంచి జీతం లాంటివి ఆ కష్టాన్ని పూడ్చాలి కదా. పూడ్చడం లేదని, ప్రయాణం పెరిగేకొద్దీ జీవితం మీద తృప్తి తగ్గుతోందని తేలింది. మనం గంటకు ఆరు రెట్లకు పైగా ఇవ్వబోతున్నామని తెలిసి ఇవ్వడం వేరు, తెలియక ఇవ్వడం వేరు.

డబ్బుతో కొలవలేని తయారీ కూడా కొంత ఉంది. అది ఎక్కువగా పిల్లల చుట్టూ తిరుగుతుంది.

మా అక్క కూతురు రెండో తరగతి. బెంగళూరులో కాబట్టి స్కూల్లో కన్నడ నేర్చుకుంది. ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడుతుంది, రాయమంటే రాదు. ఇక్కడికొస్తే తెలుగు సబ్జెక్టు ఉంటుంది. జూన్‌లో చేర్పించి, జులైలో ట్యూషన్ వెతికితే పాప ఏడుస్తుంది. ఇప్పటినుంచే రోజుకు పది నిమిషాలు దిద్దిస్తే చాలు. కన్నడ అక్షరాలు వచ్చిన పిల్లకు తెలుగు అక్షరాలు సగం వచ్చినట్టే. రెండూ ఒకే లిపి నుంచి పుట్టిన అక్కచెల్లెళ్లు. పైగా హిందూపురంలో పాప కన్నడ వృథా పోదు. సంతలోనూ బస్టాండులోనూ రెండు భాషలూ ఒకే వాక్యంలో దొర్లే ఊరది.

పెద్ద పిల్లలున్న ఇళ్లలో తయారీ ఇంకా ముందే మొదలు కావాలి. ఇది మనకు బాగా తెలిసిన విషయం, మన ఇళ్లలోవాళ్లకు తెలియని విషయం. ఈఏపీసెట్ సీట్లలో 85 శాతం లోకల్ వాళ్లకు పోతాయి. ఇంటర్ రెండో ఏడాదితో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు ఈ ప్రాంతంలో చదివినవాళ్లు లోకల్. అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు. చదువు అట్లా లేకపోతే నివాసం మీద ఆధారపడిన వేరే నియమాలున్నాయి, అవి ఇంకా చిక్కు. తొమ్మిదో తరగతిలోపు మారే కుటుంబానికి ఇబ్బంది లేదు. పదో తరగతి బెంగళూరులో రాయించి ఇంటర్‌కు తీసుకొస్తే, పుట్టింది హిందూపురం ఆస్పత్రిలో అయినా, కౌన్సెలింగ్‌లో ఆ పిల్లాడు నాన్-లోకల్ కావచ్చు. మన తాతల ఊరు అనే మాట సర్టిఫికెట్ల వెరిఫికేషన్ దగ్గర పనిచేయదు.

బండికీ ఇదే గతి. ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండిని ఇంకో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచుకుంటే కొత్త రాష్ట్రంలో నంబరు తీసుకోవాలి. దానికి పాత ఆర్టీఓ ఆఫీసు నుంచి ఎన్ఓసీ తెచ్చుకోవాలి, ఇక్కడ రోడ్డు ట్యాక్సు కట్టాలి. బావ బండిది కేఏ నంబరు. "హిందూపురంలో సగం బండ్లు కేఏవే కదరా" అన్నాడు. నిజమే. కానీ వాటిలో ఎన్ని సాయంత్రానికి గౌరిబిదనూరు వెనక్కి పోతాయో మనకు తెలియదు కదా బావా అన్నాను.

ఇక నీళ్లు. బెంగళూరులో నీళ్లు లేవని ఇక్కడికొచ్చేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. మన ఉమ్మడి అనంతపురం దేశంలో వానలు బాగా తక్కువ పడే జిల్లాల్లో ఒకటి. 1990ల మధ్యలో సత్యసాయి తాగునీటి పథకం వచ్చేదాకా వందల ఊళ్లలో మంచినీళ్లు పెద్ద కష్టం. హిందూపురం కూడా ఏళ్లపాటు బిందెల వరసల ఊరే. గొల్లపల్లి రిజర్వాయరు నుంచి పైపులైను వచ్చాక కొంత ఊపిరి పీల్చుకుంది. అయినా వీధికో తీరు. అందుకే ఇల్లు చూడాల్సింది డిసెంబరులో కాదు, ఏప్రిల్లో. "నీళ్లు ఎన్ని రోజులకోసారి వదులుతారు?" అని అడగాల్సింది ఓనరును కాదు, పక్కింటి అవ్వను.

ఇవన్నీ రాశాక అక్కకు నేనిచ్చిన సలహా ఒకటే: మారకముందే ఒకసారి మారి చూడండి. మనం ప్రాజెక్టును డెమో లేకుండా సబ్మిట్ చేయం, సంసారాన్ని ఎట్లా చేస్తాం? హిందూపురంలో మా పెద్దమ్మ వాళ్ల ఇల్లుంది. ముగ్గురూ రెండు వారాలు అక్కడుండి, బావ అక్కడినుంచే ఆఫీసుకు పోయొచ్చాడు. మొత్తం ఆరు ఆఫీసు రోజులు. ఆ ఆరు రోజుల్లో పాప మేలుకొని ఉండగా బావ ఇంటికి చేరింది రెండు రోజులే. షీటులో ఏ వరసలోనూ లేని అంకె అది. దాన్ని చూశాకే బావ నిజంగా కూర్చొని ఆలోచించాడు.

ఇప్పుడు వాళ్లు మారుతున్నారు, కానీ వేరే పద్ధతిలో. బావ తన మేనేజరుతో మాట్లాడి ఆఫీసు రోజులు వరుసగా ఉండేటట్టు పెట్టుకున్నాడు. మధ్యలో ఒక రాత్రి యలహంకలో స్నేహితుడి గదిలో పడుకుంటాడు. దాంతో మూడు రోజులకు మూడుసార్లు రానుపోను తిరగడం రెండుసార్లకు తగ్గింది. ఇల్లు కొంచెం పాతదైనా స్టేషనుకు నడిచిపోయే దూరంలో తీసుకుంటున్నారు. అక్క కొత్త స్కూల్లో చేరడమే కాకుండా, శని ఆదివారాలు పెనుకొండ వచ్చి అమ్మ పక్కన ఉంటానంటోంది. బావ ఇంట్లోంచి పనిచేసే రోజుల్లో పాపను స్కూలు నుంచి తీసుకొచ్చేది ఆయనే. ఇవేవీ అద్దె కాలమ్‌లోకి రావు. కానీ వాళ్లు మారడానికి అసలు కారణాలు ఇవే అని ఇప్పుడు వాళ్లకే స్పష్టంగా తెలుసు.

ఇక్కడ ఊరి వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి. హిందూపురం ఖాళీ స్థలం కాదు. చింతపండు మార్కెట్టు, పట్టుగూళ్ల మార్కెట్టు, 2011 లెక్కల్లోనే లక్షన్నర జనాభా ఉన్న ఊరు. బెంగళూరు జీతంతో వచ్చేవాడికి 10,000 అద్దె చవక. మార్కెట్లో మూటలు మోసే మనిషికి అది చవక కాదు. మనం ఎక్కువ మంది వచ్చేకొద్దీ ఓనర్లు ఎవరి జేబు చూసి అద్దె చెబుతారో ఊహించడం కష్టమేం కాదు. జపాన్‌లో ఇట్లాంటి ఊళ్లను "బెడ్ టౌన్" అంటారు, పడక ఊరు అని. పొద్దున ఖాళీ అయి రాత్రికి నిండే ఊళ్లు. అట్లాంటి ఊళ్లో వీధి దీపం వెలగకపోతే కౌన్సిలర్‌ను అడిగేవాడు ఉండడు, ఎందుకంటే ఎవడి ఓటూ అక్కడ ఉండదు. వచ్చేవాళ్లు గ్యాస్ కనెక్షన్ మార్చుకునే రోజే ఓటు కూడా ఇక్కడికి మార్చుకుంటే, ఊరికి అద్దెతో పాటు ఒక మనిషి కూడా వచ్చినట్టు లెక్క.

మన ప్రాంతానికి మారడం కొత్త విద్య కాదు. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత తిరుమల రాయలు విజయనగర రాజధానినే హంపీ నుంచి మన పెనుకొండకు తెచ్చాడు. రాజుతో పాటు కొలువు, ఖజానా, పరివారం వచ్చాయి. పెనుకొండలో నిద్రపోయి పొద్దున్నే హంపీకి కొలువుకు పోదామని అనుకోలేదు. మనకు గుర్రాలు లేవు, కొలువులు బెంగళూరులోనే ఉన్నాయి, కాబట్టి అంత పూర్తిగా మారడం కుదరదు. కానీ ఎంత కుదిరితే అంత మారాలి. మంచం మాత్రమే మారిస్తే అది మారడం కాదు, సామాను ఒక గోడౌను నుంచి ఇంకో గోడౌనుకు తరలించడం.

ఫైనలియర్ వాళ్లకు చివరగా ఒక మాట. వచ్చే ఏడాది మనలో చాలామంది చేతుల్లో బెంగళూరు ఆఫర్ ఉంటుంది, హిందూపురంలో ఇల్లు అనే ఆలోచన కూడా వస్తుంది. అప్పుడు ఒక కాగితం తీసుకొని మామూలు బుధవారం సాయంత్రం ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా ఆ ఊళ్లో ఏం చేస్తారో రాయండి. అమ్మతో కూర్చోవడమో, పొలం చూసుకోవడమో, మన క్లబ్బులాంటిదే ఊళ్లో ఒకటి నడపడమో, ఏదైనా సరే. ఆ కాగితం మీద రెండు మూడు వాక్యాలు పడితే ధైర్యంగా వచ్చేయండి, ఇల్లు వెతకడానికి మా అక్క సాయం చేస్తుంది. కాగితం మీద "రైల్లో ఉంటాను" అని మాత్రమే పడితే, యలహంకలో చిన్న గది చూసుకోండి. అద్దె ఎక్కువే, కానీ సాయంత్రం మీకే మిగులుతుంది.